గేటు వరుస

తోటపని చేసేవాళ్లలో రెండు రకాలు: చెట్లతో మాట్లాడేవాళ్లు, మనుషులతో మాట్లాడేవాళ్లు. మంచు పడే కొండమీద ఉన్న ఆ కాలనీ తోట మేస్త్రి ఈ రెండు రకాల్లోనూ చేరడు. ఆయన చీటీలు రాస్తాడు. రేపటి పని ఏమిటో చిన్న కాగితం మీద రాసి, పనిముట్ల గది తలుపుకున్న మేకుకు గుచ్చి పోతాడు. "వెనక పచ్చికకి నీళ్లు." "మూడో నంబరు ఇంటి తీగ కట్టు." అంతకుమించి ఒక్క అక్షరం ఎక్కువ ఉండదు. ఎవరైనా వివరం అడిగితే, "రాశాను కదా" అంటాడు. ఆ అనే తీరు చూశాక రెండోసారి అడిగే ధైర్యం ఎవరికీ రాదు. ఇద్దరు పనివాళ్లు ఆ బాధ పడలేకే మానేశారని కాలనీలో చెప్పుకుంటారు. మేస్త్రిని అడిగితే వాళ్లకి చదవడం రాదంటాడు.

ఇప్పుడా చీటీలు చదివే భాగ్యం ఆయన బావమరిదికి దక్కింది. అతన్ని అందరూ టైలరు అనే పిలుస్తారు. కుట్టుమిషను ముట్టి ఎనిమిది నెలలు దాటినా పేరు మాత్రం అతన్ని వదల్లేదు. రెడీమేడ్ బట్టల దెబ్బకి దుకాణం మూతపడితే, నలభై ఆరేళ్ల వయసులో రెండు సంచులు పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాడు. తల ఎలా ఎత్తాలా అని అతను ఆలోచిస్తుంటే బావ ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మేకుకి చీటీ ఉంది: "బావమరిదికి బూట్లు, చేతితొడుగులు." అంతే, ఉద్యోగం. ఆ చీటీ చదివినప్పుడు టైలరుకి ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచీ బావ మాట అతనికి వేదవాక్కు. అడిగి విసిగించకూడదు, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. ఈ నియమం అతను తనకు తానే పెట్టుకున్నాడు. మంచి నియమమే, కానీ దాంతో ఎంత చేటు జరగొచ్చో అతనికి అప్పటికి తెలీదు.

కాలనీ గేటు దాటగానే ఎడమ పక్కన తొమ్మిది తెల్లపూల పొదలున్నాయి. దాన్నే గేటు వరుస అంటారు. మేస్త్రి కొత్తగా పనిలో చేరిన రోజుల్లో కొమ్మలు గుచ్చి, వేళ్లు పట్టించి, ఒక్కొక్కటే తెచ్చి నాటాడు. ఇప్పుడవి ఛాతీ ఎత్తున ఉన్నాయి. వసంతం ముదిరాక పూస్తాయి, పూసిన రెండు వారాలూ బయటికెళ్లే మనుషులు గేటు దగ్గర ఓ నిమిషం ఆగి మరీ వెళ్తారు. మేస్త్రికి ఆ వరుసంటే ప్రాణం. ఏటా ఆకులు రాలే కాలంలో కుళ్లిన ఆకుల ఎరువు బుట్టలు బుట్టలుగా తెచ్చి, మొదళ్ల చుట్టూ మోకాలెత్తు కుప్ప పోస్తాడు. దానిపైన కొమ్మలన్నిటికీ గోనెపట్టాలు చుట్టి పురికొసతో కడతాడు. "వాటికి దుప్పట్లు కప్పుతాడు, నాకు జ్వరమొస్తే గ్లాసుడు నీళ్లివ్వడు" అని అక్క దెప్పుతుంది. ఆయన విననట్టే ఉంటాడు.

అంత సేవ చేసినా రెండేళ్లుగా వరుస నీరసించింది. పూలు తగ్గాయి, కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. ఈ ఏడు చలి కూడా విపరీతంగా పడింది. కాలనీ సెక్రటరీ అదను చూసుకుని ఇంటికొచ్చాడు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్లు కదిలించిన మనిషి, రిటైరయ్యాక ఏదో ఒకటి కదిలించకపోతే తోచదు. చచ్చిన పొదల్ని ఎన్నాళ్లు కాపలా కాస్తారు, ఆ జాగా చదును చేస్తే తొమ్మిది కార్లు పెట్టుకోవచ్చని మొదలుపెట్టాడు. పక్కగదిలో బట్టలు ఉతుక్కుంటున్న టైలరు ఇంతవరకు విన్నాడు. తర్వాత కుళాయి హోరులో ఏమీ వినపడలేదు.

వినపడనిదే అసలు సంగతి. మేస్త్రి ఆ రోజు తన జీవితంలో ఎప్పుడూ లేనంతగా మాట్లాడాడు. వసంతం చివరి ఆదివారం దాకా గడువు అడిగాడు. తొమ్మిదింట్లో అయిదు చిగురిస్తే వరుస ఉంటుంది, ఒక్కటి తగ్గినా మొత్తం తనే పీకించి నేల చదును చేయించి ఇస్తానని మాటిచ్చాడు. సెక్రటరీ ఒప్పుకున్నాడు. మేస్త్రి ఆ సంగతి భార్యకి చెప్పాడు గానీ బావమరిదికి చెప్పాలని తోచలేదు. ఆ రాత్రి ఆయన సరిగా తినకపోవడం చూసి, బావ ఓడిపోయాడని టైలరు తనకు తనే తేల్చుకున్నాడు.

చలి తగ్గుముఖం పట్టాక పంపు దగ్గర పేరుకున్న మంచు మీద మేస్త్రి జారిపడ్డాడు. చీలమండ విరిగింది. కాలికి కట్టు వేసి ఆరు వారాలు కుర్చీలో కూర్చోమన్నారు. కూర్చున్నాడు గానీ చీటీలు ఆగలేదు. భార్య చేత మేకుకి గుచ్చించేవాడు. ఓ బుధవారం పొద్దున టైలరు వెళ్లేసరికి తలుపు మీద ఇలా ఉంది: "గేటు వరుస తొమ్మిదీ తీసెయ్యాలి. ఎండ ముదరక ముందే."

తెలుగు తెలిసినవాడెవడైనా ఇక్కడ ఓ క్షణం ఆగాలి. తీసెయ్యాలి అంటే దేన్ని? మేస్త్రి మనసులో ఉన్నవి గోనెపట్టాలు. ఎండలు మొదలయ్యాక పట్టాలుంటే లోపల ఉక్కపోసి చిగురు మాడిపోతుంది, అందుకే ఆ తొందర. ఏటా రాసే చీటీయే అది, పాత పనివాళ్లకి కొత్త కాదు. టైలరుకి మాత్రం ఇదే మొదటి వసంతం. పైగా అతని బుర్ర పాతికేళ్లు వేరే చీటీలు చదివింది. చొక్కాకి పిన్నుతో గుచ్చిన చీటీలో "జేబు తీసెయ్యాలి" అనుంటే జేబు తీసెయ్యడమే, జేబు మీది గుండీ కాదు.

అడుగుదామని అతనికి అనిపించకపోలేదు. ఇంటిదాకా వెళ్లాడు కూడా. కిటికీలోంచి చూస్తే బావ కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. పాపం, నోటితో చెప్పలేక కాగితం మీద పెట్టాడు, ఇప్పుడు పోయి అడిగితే పుండు మీద కారం చల్లినట్టే అనుకున్నాడు టైలరు. వెనక్కి తిరిగి పార పట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. ప్రేమ కొద్దీ చేసే తప్పులకి మందు లేదని ఊరికే అనరు.

పని మాత్రం ఎంతో శ్రద్ధగా చేశాడు. బట్ట కత్తిరించినట్టు ప్రతి పొద చుట్టూ పారతో గుండ్రంగా గీసి, మట్టిగడ్డతో సహా పైకి లేపాడు. చుట్టిన పట్టాలు విప్పలేదు. వరస తప్పకుండా, ఏ గుంట పక్కన ఆ పొదని పడుకోబెట్టాడు. చనిపోయినవాటికైనా ఆ మాత్రం మర్యాద ఉండాలనుకున్నాడు. కొన్ని గట్టిగా ప్రతిఘటించాయి. నాలుగోది, ఏడోది, తొమ్మిదోది మాత్రం పట్టుకుని ఊపితే వచ్చేశాయి. ఎరువు కుప్ప తొలగించి చూస్తే వాటి మొదళ్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. వేలు పెడితే బెరడు తడిసిన అట్టలా ఊడొచ్చింది. సన్నటి వేళ్లు కిందికి పోవాల్సింది పోయి ఎరువులోకి ఎగబాకి, మొదలు చుట్టూనే తిరిగి దాన్నే బిగించి ఉన్నాయి. సెక్రటరీ అన్నది నిజమే, ఇవి చచ్చినవే అనుకుని టైలరు చేతులు దులుపుకున్నాడు.

తొమ్మిది గంటలకి సెక్రటరీ వాహ్యాళికి వచ్చాడు. నేలమీద వరసగా పడున్న పొదల్ని చూసేసరికి ఆయనకి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. మీ బావ గడువు చివరిదాకా బిగదీసుకు కూర్చుంటాడనుకున్నాను, ఇంత త్వరగా దారికొచ్చాడంటే పెద్దమనిషే అని మెచ్చుకున్నాడు. టైలరు గడువేమిటండీ అని అడిగాడు. సెక్రటరీ చివరి ఆదివారం సంగతి, అయిదు చిగుర్ల సంగతి ఓపిగ్గా చెప్పాడు. మాట పూర్తి కాకముందే టైలరు పార అక్కడే పడేశాడు.

ఇంటికి పరుగెత్తిన సంగతి అతనికి గుర్తులేదు. గుమ్మంలో నిలబడి, "తీసెయ్యమన్నావుగా బావా, తీసేశాను" అన్నాడు.

"ఏం తీశావు?"

"పొదలు."

వంటింట్లోంచి వచ్చిన అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పట్టాలురా తమ్ముడూ, పట్టాలు తియ్యమని."

మేస్త్రి అరిస్తే బాగుండేది. ఆయన అరవలేదు. "మట్టి దులిపావా, గడ్డతోనే ఉన్నాయా?" అన్నాడు. గడ్డతోనే ఉన్నాయని టైలరు చెప్పాడు. "వేళ్ల మీద ఎండ పడుతోందా?" అంటూనే కర్ర అందుకుని లేచాడు.

కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేశారు. వంగలేని మేస్త్రి అందులో కూర్చుని, వంగగలిగిన టైలరుకి పని చెప్పడం మొదలుపెట్టాడు. చీటీ రాసే వ్యవధి లేదు కాబట్టి నోటితోనే చెప్పాల్సొచ్చింది. ముందు పట్టాలు విప్పి, తడిపి, వేళ్ల మీద కప్పమన్నాడు. ఏ గుంటలోది ఆ గుంటలోనే, ఏ దిక్కుకి తిరిగింది ఆ దిక్కుకే పెట్టమన్నాడు. మట్టి తొక్కి బిగించొద్దు, నీళ్లు నెమ్మదిగా పోస్తే మట్టే సర్దుకుంటుంది, బుడగలు ఆగేదాకా పొయ్యాలి అన్నాడు. కొమ్మని గోటితో గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగుంటే అక్కడిదాకా కత్తిరించు అన్నాడు. పోయిన వేళ్లు మొయ్యలేనంత కొమ్మ ఉంచకూడదని కూడా చెప్పాడు. టైలరు ఎనిమిది నెలల్లో నేర్చుకోనిది ఆ పూటలో నేర్చుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ పట్టుకున్నాడు.

నాలుగో పొద దగ్గర మేస్త్రి అడిగాడు. "మెడ ఎలా ఉంది? మట్టికి పైన మొదలు. గట్టిగా, పొడిగా ఉండాలి."

టైలరు చూశాడు. నలుపు, మెత్తదనం, బిగుసుకున్న వేళ్లు. గట్టిగా, పొడిగా ఉండాల్సిన చోటే ఎరువు కప్పి ఉంది. ఏళ్ల తరబడి తడి ఆరని కుప్పలో మెడ దాకా పూడుకుపోయి ఈ పొదలు ఊపిరాడక కుళ్లాయి. వీటిని చంపుతున్నది చలి కాదు. ఈ సంగతి అర్థం కావడానికి టైలరుకి తోటపని రానక్కర్లేదు, తడిసిన బట్టని మడతపెట్టి మూట కడితే ఏమవుతుందో తెలిస్తే చాలు. అతను తలెత్తి బావ ముఖం చూశాడు. ఈ పూట ఆ ముఖానికి ఇంకో దెబ్బ అతను కొట్టలేకపోయాడు. పైగా పొద్దున్నే ఇంత ఘనకార్యం చేసినవాడు ఇప్పుడు బావకి తోటపని నేర్పడమా?

"బాగానే ఉంది బావా" అన్నాడు. ఏడోదానికీ, తొమ్మిదోదానికీ అదే మాట చెప్పాడు. అన్నీ నాటాక, "ఎరువు ఎప్పట్లాగే మొదళ్ల చుట్టూ పొయ్యి" అన్నాడు మేస్త్రి. టైలరు పోశాడు. సెక్రటరీ దూరంగా నిలబడి, పీకినవాటిని మళ్లీ పాతేది ఎందుకని అడిగితే, వేళ్లు చూద్దామని నేనే తీయించాను, గడువు ఇంకా ఉంది కదా అని మేస్త్రి జవాబిచ్చాడు. అబద్ధమాడటం రాని మనిషి తన కోసం ఆడిన ఆ అబద్ధం టైలరుకి ముల్లులా గుచ్చుకుంది.

తర్వాత పది రోజులు. రోజూ తెల్లారగానే టైలరు వరుస దగ్గరికి పోయి, గోరు పెట్టి గీకేవాడు. పైకొమ్మల్లో కొన్నిచోట్ల పచ్చదనం ఉంది గానీ మొగ్గ ఒక్కటీ కదల్లేదు. కాలనీలో మిగతా మొక్కలన్నీ పోటీలు పడి చిగురిస్తున్నాయి. గేటు వరుస మాత్రం గుంజల వరుసలా నిలబడి ఉంది. టైలరు ఎరువు కుప్ప వంక చూసేవాడు. చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకునేవాడు. చెబితే బావ గుండె పగులుతుంది, చెప్పకపోతే పొదలు పోతాయి. మింగలేక కక్కలేక పది రోజులు గడిపాడు.

అక్క కనిపెట్టింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్న తమ్ముణ్ణి కూర్చోబెట్టి సంగతి లాగింది. విన్నాక, మీ బావకి పాతికేళ్లుగా ఎదురు చెప్పని భార్యని నేను, నా మాట విని నువ్వు బాగుపడేదేముంది గానీ, ఆ పొదలకైతే నోరు లేదు, నీకుందిగా అంది.

పదకొండో రోజు పొద్దున టైలరు బావ ముందు నిలబడ్డాడు. మూడు పొదల సంగతీ, నల్లబడ్డ మెడల సంగతీ, తను ఆడిన అబద్ధం సంగతీ చెప్పాడు. చివరికి, "చలి కాదు బావా. నువ్వు పోసే ఎరువే" అన్నాడు.

మేస్త్రి కాలు స్టూలు మీంచి దించాడు. "దుకాణం నడుపుకోలేనివాడివి నాకు చెబుతున్నావా?" అన్నాడు. ఆయన నోట్లోంచి టైలరు విన్న మొట్టమొదటి కఠినమైన మాట అది. తగలాల్సిన చోటే తగిలింది. టైలరు తలొంచుకుని బయటికొచ్చి, పంపు గట్టు మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చాడు. ఇక ఇక్కణ్ణుంచి కూడా సంచులు సర్దుకోవాలేమో అనుకున్నాడు.

ఆ రోజు మేకుకి చీటీ లేదు. మర్నాడూ లేదు. మూడో రోజు టైలరు గేటు దగ్గరికి వెళ్లేసరికి మేస్త్రి అక్కడున్నాడు. కట్టు కాలు ముందుకి చాపి నేలమీద కూర్చుని, నాలుగో పొద మొదట్లోంచి రెండు చేతులతో ఎరువు తోడి పక్కకి పడేస్తున్నాడు. మొదలు బయటపడింది. బొటనవేలితో నొక్కాడు. బెరడు జారి ఆయన వేలికి అంటుకుంది. ఆ వేలిని అలాగే చూస్తూ ఉండిపోయాడు. టైలరు పక్కన కూర్చుని అయిదో పొద దగ్గర ఎరువు తోడటం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి తొమ్మిది మెడలూ గాలికి, ఎండకి బయటపడ్డాయి. మొదలు చుట్టూ బిగుసుకున్న వేళ్లని కత్తెరతో తీసేసే పని టైలరే చేశాడు. అంత సన్నటి పని చేసే చెయ్యి ఆ కాలనీలో ఇంకెవరికీ లేదు. ఎరువుని పారేయలేదు, మొదళ్లకి జానెడు దూరంగా పల్చగా పరిచారు.

వారం తర్వాత రెండో పొద కణుపు దగ్గర మెంతిగింజంత పచ్చదనం కనిపించింది. తర్వాత ఒకటోది, అయిదోది, ఎనిమిదోది. గడువుకి నాలుగు రోజుల ముందు ఆరోది, మూడోది కూడా కళ్లు తెరిచాయి. నాలుగోది, ఏడోది, తొమ్మిదోది తెరవలేదు. టైలరు వాటిని ఎన్నిచోట్ల గీకాడో లెక్కలేదు. ఎక్కడ గీకినా గోధుమరంగే.

చివరి ఆదివారం సెక్రటరీ ఇద్దర్ని వెంటేసుకుని వచ్చాడు. లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. ఆరు. మాటంటే మాటే, కాబట్టి వరుస ఉంటుందని ఒప్పుకున్నాడు గానీ ముఖం మాత్రం చేదు మింగినట్టుంది. పోతూ పోతూ, ఆ మూడూ ఎలా పోయాయి, పీకడం వల్లేనా అని అడిగాడు.

టైలరు ముందుకొచ్చాడు. తప్పు తనదని, చీటీ తప్పుగా చదివానని చెప్పడానికి నోరు తెరిచాడు. మేస్త్రి కర్ర అడ్డం పెట్టాడు.

"పీకడం వల్ల కాదండీ. ఇన్నేళ్లూ బలమని చెప్పి మెడదాకా ఎరువు పోసి నేనే కుళ్లబెట్టాను. వీడు పొరపాటున పీకాడు గనక ఆరు బతికాయి. లేకపోతే తొమ్మిదీ పోయేవి. నేను చలిని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి."

మేస్త్రి అందరి ముందూ అలా ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. వాళ్లు వెళ్లిపోయాక గేటు దగ్గర బావా బావమరుదులు ఇద్దరే మిగిలారు.

"మెడలు కుళ్లడం ఆ రోజే చూశావు కదా?" అన్నాడు మేస్త్రి.

"చూశాను."

"పది రోజులు ఎందుకు ఆగావు?"

"నువ్వు బావవి. నీకు నేనెలా చెప్పను?"

మేస్త్రి ఎండిన నాలుగో పొద మీద చెయ్యి వేశాడు. "ఆ పది రోజులు దీనికి కావాల్సినవిరా" అన్నాడు. నిందించినట్టు కాదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. టైలరుకి నిందే నయమనిపించింది. ఎండిపోయిన మూడింటినీ అతను ఒక్కొక్కటే చూశాడు. వాటిలో ఒకటైనా బతికేదేమో, రెండైనా బతికేవేమో. అది ఇక ఎప్పటికీ తెలీదు.

మేస్త్రి కర్రతో ఆ మూడింటినీ చూపించాడు. రేపు ఈ మూడూ తీసి, ఆ గుంటల్లోనే మళ్లీ ఈ రకమే కొత్తవి నాటుదామన్నాడు. ఆయన అలా అన్నాడంటే ఆ పని అయిపోయినట్టే, పార వెతుక్కోవడమే తరువాయి.

"వద్దు బావా" అన్నాడు టైలరు.

అని, బావ వైపే చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి కర్ర మీద బరువు మార్చుకున్నాడు.

"ఎందుకు?" అని అడిగాడు.

టైలరు చెప్పడం మొదలుపెట్టాడు. కుళ్లు పట్టిన మట్టి అది, ఓ ఏడాది ఎండ తగలనిద్దాం అన్నాడు. మేస్త్రి మధ్యలో అడ్డం రాకుండా చివరిదాకా విన్నాడు.